ఏడో డబ్బా సంరక్షకురాలు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఇది: మనకి కావలసిన మనిషి ఎక్కడో పడిపోయి, లేవలేక, అరిచినా ఎవరికీ వినబడక అలా ఉండిపోవడం, సరిగ్గా ఆ సమయానికి మనం ఇంట్లో కూర్చుని తీరిగ్గా టీ తాగుతూ ఉండడం.

పడిపోవడం సంగతి ఎలా ఉన్నా, ఆ టీ తలుచుకుంటేనే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు.

ఈ మాట చెబితే మా ఆయన నవ్వుతారు. ఆయన లిఫ్టు మెకానిక్. పద్నాలుగో అంతస్తులో తలుపు తెరిచి, కింద గోతిలోకి కాళ్ళు వేలాడేసుకుని, నోట్లో టార్చిలైటు కరిచిపట్టుకుని పనిచేసే మనిషి. "ఇలా ప్రతిదానికీ హడిలిపోతే ఎలా బతుకుతావే?" అంటారు. ఆయనకేం, నడుముకి బెల్టు ఉంటుంది. ఆ బెల్టు కుట్లు ఎక్కడైనా వదులయ్యాయేమోనని నెలనెలా కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూసేది నేను. ఆ సంగతి ఆయన ధైర్యానికి తెలియదు.

మా పాపకి అప్పుడు అయిదేళ్ళు. ఒకరోజు బడి నుంచి టీచరు పిలిపించింది. దారిలోనే పదిరకాల దెబ్బలు ఊహించుకుని, ఎందుకైనా మంచిదని దూదీ, కట్టుగుడ్డా సంచిలో వేసుకుని వెళ్ళాను. తీరా చూస్తే పాప నిక్షేపంగా ఉంది. జారుడుబల్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, ఎక్కుతున్న ప్రతి పిల్లకీ, "పళ్ళు ఊడతాయి, తర్వాత నీ ఇష్టం" అని చెబుతోంది.

"మీ పాప ఆడుకోదండీ. తనిఖీ చేస్తుంది," అంది టీచరు.

"జాగ్రత్తగా ఉండడం మంచిదే కదండీ?"

"నిన్న ఒక పిల్ల మెట్టు ఎక్కే ముందు ఈమె దగ్గర పర్మిషన్ అడిగిందండీ."

నాకు లోపల కాస్త గర్వంగానే అనిపించింది గానీ, ముఖం మాత్రం బాధగా పెట్టాను. టీచరు రెండు మందులు చెప్పింది. ఒకటి, వారానికోసారి పాపని ఆరుబయటికి తీసుకువెళ్ళడం. రెండోది నాకు. భయం వేసినప్పుడల్లా ఏమీ చేయకుండా నూరు దాకా లెక్కపెట్టాలట. అప్పటికీ తగ్గకపోతే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాలట. ఆవిడ అంత ప్రశాంతంగా ఎలా ఉండగలుగుతోందా అని ఆశ్చర్యపోయాను. తర్వాత తెలిసింది, ఆవిడకి ఇంకా పెళ్ళి కాలేదు.

ఆరుబయట అనగానే మా ఆయన ఎక్కడో చూసిన కాగితం పట్టుకొచ్చారు. మా ఇంటి వెనక వీధి దాటితే వాగు పక్కన పార్కు ఉంది. గేటు దగ్గర మొదలై, వాగు వెంట చెట్ల మధ్యగా, పాత పిండిమర దాకా నడకదారి. చూడ్డానికి బాగుంటుందని అందరూ అంటారు. నేను పాప చెయ్యి తప్ప మరేదీ చూసుకోలేదు కనుక చెప్పలేను. ఆ దారి పొడవునా పార్కు నడక సంఘం వాళ్ళు పన్నెండు డబ్బాలు దాచారు. ఫోనులో బాణం గుర్తు చూసుకుంటూ వెళ్ళి ఆ డబ్బాలు వెతికి పట్టుకోవాలి. దొరికిన డబ్బా తెరిచి, లోపలున్న చిన్న పుస్తకంలో తేదీ, టైము, పేరు రాసి, తీసినచోటే మళ్ళీ దాచిపెట్టాలి. పన్నెండూ పట్టుకున్నవాళ్ళకి చివర్లో పతకం ఇస్తారు. దీన్ని జియోకాషింగ్ అంటారట. ఇంట్లో నేను రోజూ చేసే పని ఇదే. కాకపోతే నాకు ఎవరూ పుస్తకం ఇవ్వలేదు, చివర్లో పతకమూ లేదు.

సంఘానికి అధ్యక్షులు రిటైరైన భూగోళం మాస్టారు. ఆయనని అందరూ వెనకాల రేఖాంశం మాస్టారు అంటారు, ఎదురుగా అన్నా ఆయన మురిసిపోతారు. ప్రారంభం రోజున చేతిలో మైకు పట్టుకుని, అక్షాంశాలు, రేఖాంశాలు, ఆకాశంలో ఉపగ్రహాలు, వాటి పనితీరు అంటూ నలభై నిమిషాలు మాట్లాడారు. నేను ఒక్క ముక్క వినలేదు. వాగుకీ మా పాపకీ మధ్య ఎంత దూరం ఉందో చూసుకుంటున్నాను. బళ్ళో ఆ పాఠం చెప్పే ఏడాదికే అమ్మకి ఒంట్లో బాగాలేక నేను చదువు మానేసి ఇల్లు చూసుకోవలసి వచ్చింది. భూమ్మీద గీతలు ఉన్నాయన్న సంగతి నాకు రెండోసారి కూడా అలా తప్పిపోయింది. ఆ గీతలు ఎంత పని చేస్తాయో ముందే తెలిస్తే, ఇంకో నలభై నిమిషాలైనా నిలబడి వినేదాన్ని.

మాస్టారు ప్రతి డబ్బాకీ ఒక మనిషిని అప్పగించారు. ఆ హోదా పేరు సంరక్షకులు. పని ఏమిటంటే, వారానికోసారి వెళ్ళి, పుస్తకం తడిసిందేమో చూసి, పెన్సిలు చెక్కి రావడం. పెన్సిలు చెక్కడానికి అంత పెద్ద పేరు పెట్టగలిగినవారు అధ్యక్షులు కాకపోతే ఇంకెవరవుతారు?

ఏడో డబ్బా సంరక్షకురాలు మా పై అంతస్తు పోస్టమ్మ.

ఆవిడకి డెబ్బయ్యొకటి. నలభయ్యేళ్ళు ఉత్తరాలు పంచి రిటైరయింది. నేను పెద్దమ్మా అంటాను, పాప పోస్టమ్మమ్మ అంటుంది. ఒంటరి మనిషి. నడక చూస్తే సంచిలో ఇంకా రెండు వీధుల ఉత్తరాలు మిగిలిపోయినట్టు ఉంటుంది. నేను ఇంట్లో మిషను మీద ప్యాంట్లు పొట్టి చేసి, జిప్పులు మార్చి ఇస్తుంటాను. ఆవిడ రోజూ పొద్దున్న తొమ్మిదికి మా తలుపు ముందు నుంచి దిగి, పదకొండు లోపల ఎక్కుతుంది. ఆ అడుగుల చప్పుడు వినబడకపోతే నాకు కుట్టు వంకర పోతుంది.

ఒకసారి ఆవిడ మెట్ల మధ్యలో కమ్మీ పట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడి ఉండగా చూశాను. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది.

"ఏమైంది పెద్దమ్మా?"

"ఏం కాలేదు. మెట్లు తిరుగుతున్నాయి. కాసేపట్లో అవే ఆగుతాయి."

"డాక్టరు దగ్గరికి వెళ్దాం పదండి."

"అమ్మాయ్, ఈ సంగతి ఎవరికైనా చెప్పావో, పొద్దస్తమానం నీ మిషను చప్పుడుకి నాకు నిద్ర లేదని బిల్డింగంతా చెబుతాను."

"పోనీ రోజుకోసారి ఫోను చేస్తాను. ఊరికే, బాగున్నారా అని."

"అంటే ఉన్నానా పోయానా అని! రోజూ హాజరు వేయించుకోవడానికి నేనేమైనా ఒకటో క్లాసా?"

ఒకసారి ధైర్యం చేసి ఫోను చేశాను కూడా. "ఉన్నాను" అని పెట్టేసింది.

అలాంటి మనిషికి మాస్టారు ఏ డబ్బా ఇచ్చారనుకున్నారు? గేటు పక్క బెంచీ కింద ఉన్న మొదటి డబ్బా కాదు. పూలమొక్కల మధ్య ఉన్న మూడోదీ కాదు. వాగు మీద కాలిబాట వంతెన ఉంది, దాని పక్క నుంచి నీళ్ళలోకి తొమ్మిది రాతి మెట్లు దిగుతాయి. మెట్ల నిండా నాచు. పట్టుకోవడానికి ఏమీ లేదు. అడుగు మెట్టు మీద నిలబడి, వంతెన గోడలో రెండు రాళ్ళ సందులో చెయ్యి పెడితే ఏడో డబ్బా దొరుకుతుంది. మాస్టారుని అడిగాను, ఆవిడకి వేరేది ఇవ్వకూడదా అని.

"ఆవిడే కోరుకున్నారమ్మా. అత్యంత కఠినమైనది నాకివ్వండి అన్నారు," అని ఆయన పొంగిపోయారు.

ఆవిడ వారానికోసారి కాదు, రోజూ వెళ్ళేది. వెళ్ళి, పుస్తకంలో సంతకం బదులు ఒక గుండ్రం గీసి, అందులో తేదీ, టైము వేసేది, పోస్టాఫీసు ముద్రలాగ. నేనూ పాపా శనివారం శనివారం డబ్బాలు వెతుక్కుంటూ ఏడో దాని దాకా చేరాం. పాపని పైన బెంచీకి నా చున్నీతో కట్టేసినంత పని చేసి, ఆ మెట్లు కూర్చుని కూర్చుని దిగాను. పుస్తకం తెరిస్తే వరసగా గుండ్రాలు. నాకు సంతోషం వేయలేదు. ఈవిడ రోజూ ఈ మెట్లు దిగుతోందా అని తొమ్మిదీ మళ్ళీ లెక్కపెట్టుకున్నాను. ఆ రోజు నుంచి తొమ్మిదికీ పదకొండుకీ మధ్య నేను కుట్టిన ఏ ప్యాంటుకీ రెండు కాళ్ళూ సమానంగా లేవు.

ఓ గురువారం పెద్దమ్మ తిరిగొచ్చాక, పాప ఇంకా బళ్ళో ఉండగానే, నేను వెళ్ళి ఆ డబ్బా తీసేశాను.

దొంగతనం కాదు. పైకి తెచ్చి, బెంచీ వెనకాల పొద మొదట్లో, పొడి నేల మీద, చక్కగా ఆకులు కప్పి పెట్టాను. మెట్లకి పన్నెండడుగుల దూరం. మూడేళ్ళ పిల్ల కూడా పడకుండా తీసుకోగల చోటు. ఇంత తేలిక పని సంఘం మొత్తానికి ఎందుకు తట్టలేదా అని జాలిపడ్డాను కూడా.

పెద్దమ్మకి చెప్పలేదు. చెబితే వెంటనే తీసుకెళ్ళి మళ్ళీ ఆ రాళ్ళ సందులోనే పెడుతుంది. చెప్పవలసిన అవసరం ఉందని కూడా నాకు తోచలేదు. మనం అటు నడిస్తే బాణం ఇటు తిరుగుతుంది, దగ్గరికి వెళితే దూరం తగ్గుతుంది. డబ్బాలో ఏదో ఉండి ఫోనుని పిలుస్తుందనుకున్నాను. డబ్బా ఎక్కడికి వెళితే బాణం అక్కడికి వస్తుందని నా లెక్క. ఫోనుకి డబ్బా సంగతే తెలియదనీ, మొదటి రోజు మాస్టారు ఎక్కించిన అంకెలు మాత్రమే తెలుసనీ, డబ్బాని మా వంటింట్లో పెట్టినా బాణం ఆ నాచు మెట్లనే చూపిస్తుందనీ నాకు తెలియదు. ఆ నలభై నిమిషాల్లో చెప్పింది అదేనట.

ఆ రాత్రి ఇక భయపడనని మా ఆయనకి మాటిచ్చి, నెలల తర్వాత కంటినిండా నిద్రపోయాను.

మర్నాడు శుక్రవారం. తొమ్మిదికి పెద్దమ్మ అడుగులు దిగాయి. నేను మిషను మీద ఒక యూనిఫాం ప్యాంటు పెట్టుకుని, ఈరోజు నుంచి కొత్త మనిషిని కావాలని నిర్ణయించుకున్నాను. డబ్బా పైనే ఉంది. మెట్లు దిగే పని లేదు. ఇక భయం దేనికి?

పదకొండయింది. అడుగులు ఎక్కలేదు.

టీచరు మాట గుర్తు తెచ్చుకున్నాను. ఒకటి, రెండు, మూడు. నూరయింది. మళ్ళీ మొదలుపెట్టాను. పదకొండున్నరకి మా ఆయనకి ఫోను చేశాను.

"పెద్దమ్మ ఇంకా రాలేదండీ."

"ఎవరో ఒకరు కనబడి ఉంటారు, కబుర్లలో పడి ఉంటుంది. నేను ఏడో అంతస్తుకీ ఎనిమిదికీ మధ్య ఉన్నాను, లిఫ్టులో ఓ పెద్దాయన ఇరుక్కుని ఉన్నాడు. ఆయన కూడా నీకన్నా నింపాదిగా ఉన్నాడే."

"ఆవిడ ఎప్పుడూ పదకొండు దాటదండీ."

"నిన్న ఏమన్నావు? ఇక భయపడను అన్నావు కదా. ఒక్కరోజు, ఒకే ఒక్కరోజు మాట మీద ఉండి చూడు."

సరే, మాట మీద ఉందామనుకున్నాను. అయిదేళ్ళుగా ఉత్తపుణ్యానికి హడావుడి చేస్తానని అందరిచేతా అనిపించుకున్నాను, ఇవాళ ఆ మాట పడకూడదనుకున్నాను. వెళ్ళి టీ పెట్టుకున్నాను. కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని, కాళ్ళు చాపుకుని తాగాను. టీ బాగా కుదిరింది కూడా. అది నాకు ఇప్పటికీ గుర్తుంది.

పన్నెండున్నరకి పాపని బడి నుంచి తెచ్చి అన్నం పెడుతుండగా రేఖాంశం మాస్టారు ఫోను చేశారు.

"అమ్మా, ఘోరం జరిగింది. ఏడో డబ్బాని ఎవరో అపహరించారు. రేపే పన్నెండు డబ్బాల పోటీ, ముప్ఫై జట్లు వస్తున్నాయి! మీరు ఈ మధ్య అటు వెళ్ళినప్పుడు అనుమానాస్పదంగా ఎవరైనా కనిపించారా?"

"అపహరించడం ఏమిటండీ? అక్కడే ఉంది కదా. కాస్త పైకి పెట్టాను, అంతే. బాణం చూపిస్తుంది కదండీ."

 

"బాణం ఎలా చూపిస్తుందమ్మా?" అన్నారు. "అది స్థలాన్ని చూపిస్తుంది, డబ్బాని కాదు. నేను ప్రారంభోపన్యాసంలో స్పష్టంగా..."

"మాస్టారూ, డబ్బా లేదని మీకెవరు చెప్పారు?"

"సంరక్షకురాలే రాశారు కదమ్మా, పొద్దున్న. డబ్బా పేజీ తెరిచి చూడండి."

చూశాను. ప్రతి డబ్బాకీ ఫోనులో ఒక పేజీ ఉంటుంది, దొరికిందో లేదో అక్కడ రాయాలి. ఏడో డబ్బా పేజీలో ఆవిడ మూడుసార్లు రాసింది.

"9.20. డబ్బా కనబడలేదు. వెతుకుతున్నాను."

"9.55. ఇంకా వెతుకుతున్నాను. పక్క సందులోనూ లేదు."

"10.30. చిరునామా సరైనదే. ఉండి తీరాలి."

ఆ తర్వాత ఏమీ లేదు.

నేను నూరు లెక్కపెట్టలేదు. పాప చెయ్యి అందుకుని, చెప్పులు ఒకటి నాది, ఒకటి మా ఆయనది వేసుకుని, వీధిలో పరుగెత్తాను. పాప నా వెనకాల, "అమ్మా, పరుగెత్తకు, పళ్ళు ఊడతాయి" అంటూ వస్తోంది. గేటు దగ్గర వాచ్‌మన్ ఏదో అడిగాడు. ఏం చెప్పానో తెలియదు. వంతెన చేరి కిందికి చూశాను.

ఆవిడ అయిదో మెట్టు మీద కూర్చుని ఉంది. ఎడమ కాలు పక్కకి, ఉండకూడని వైపుకి తిరిగి ఉంది. చీర మోకాళ్ళ దాకా తడిసింది. గోడ రాళ్ళ సందుల్లో ఉన్న నాచంతా గోళ్ళతో పీకి పక్కన చిన్న కుప్పగా పెట్టింది. పెదవులు నీలంగా ఉన్నాయి.

"పెద్దమ్మా!"

తల ఎత్తి చూసింది. "వచ్చావా? ఎక్కడా లేదే అమ్మాయ్. మొత్తం వెతికాను. రేపు పొద్దున్న అంతమంది వస్తారు, నా డబ్బా లేదు."

"కాలు ఎలా ఉంది?"

"కాలు ఉంది. డబ్బా లేదు. ఫోను నీళ్ళలో పడింది. నేనే వదిలేశాను, కళ్ళు తిరిగి."

"అరవలేకపోయారా? పైన వంతెన మీద జనం నడుస్తూనే ఉంటారు కదా!"

"ముగ్గురు వెళ్ళారు. పాదాలు చూశాను. పిలిచి ఏమని చెప్పను? నాకప్పగించినది పోగొట్టుకున్నానని చెప్పనా?" పళ్ళు టకటకలాడుతున్నాయి. "ఎవడు తీశాడో, వాడి చేతులు పడిపోను."

పాప పైమెట్టు మీద నిలబడి నా వంక చూస్తోంది. అబద్ధం చెప్పవచ్చు. డబ్బా తర్వాత నీళ్ళలో దొరికిందని చెప్పవచ్చు. ఆవిడకి ఎప్పటికీ తెలిసేది కాదు.

"నేనే తీశాను పెద్దమ్మా. మీరు పడతారని తీశాను. పైన బెంచీ వెనకాల పెట్టాను."

ఆవిడ నన్ను కొట్టి ఉంటే బాగుండేది.

"ఎంత దూరం?" అంది.

"పన్నెండడుగులు."

"పన్నెండడుగులు," అంది. "నలభయ్యేళ్ళు వేశాను ఉత్తరాలు. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి పక్కింట్లో వెయ్యలేదు. కుక్కలున్న ఇంట్లో కూడా గుమ్మం దాకా వెళ్ళి వేశాను. నువ్వు చేశావు చూడు. మంచి మనసుతో తప్పు ఇంట్లో వేశావు."

ఆ తర్వాత వాచ్‌మన్ వచ్చాడు, ఇంకో ఇద్దరు వచ్చారు, అంబులెన్సు గేటు దాకానే వస్తే కుర్చీలో మోసుకెళ్ళారు. మోస్తున్నంతసేపూ ఆవిడ కళ్ళు మూసుకుని, "ముందు డబ్బా దాని చోట పెట్టి రా, తర్వాత నా వెంట వద్దువుగాని" అంటూనే ఉంది. పెట్టి వచ్చాను. ఆ తొమ్మిది మెట్లూ కూర్చోకుండా దిగాను. అప్పుడు గమనించలేదు.

చీలమండ ఎముక రెండుచోట్ల విరిగింది. కళ్ళు తిరగడానికి కారణం కూడా ఆ ఆస్పత్రిలోనే పట్టుకున్నారు, బిళ్ళలు ఇచ్చారు. "చూశావా, ఒక రకంగా మంచే జరిగింది" అన్నారు మా ఆయన. ఆయన వంక నేను చూసిన చూపుకి, మళ్ళీ వారం దాకా ఆయన ఏ రకంగానూ మంచి గురించి మాట్లాడలేదు.

సంఘం అత్యవసర సమావేశం పెట్టింది. మాస్టారు గంటన్నర మాట్లాడి, ఒక తీర్మానం చదివారు. "సంరక్షకుల అనుమతి లేకుండా డబ్బాలను కదపరాదు" అని. పతకాల రంగు మీద ఇంకో అరగంట చర్చ జరిగింది. ఆ మెట్లకి ఒక కమ్మీ వేయిద్దామని నేను లేచి చెబితే, అది పార్కు శాఖ పరిధిలోకి వస్తుందని, అర్జీ పెడతామని రాసుకున్నారు. ఆ అర్జీ ఇప్పటికీ ఎక్కడో నడకదారి మీదే ఉండి ఉంటుంది, ఎవరికైనా బాణం చూపిస్తే బాగుండును.

మా ఆయన అర్జీ పెట్టలేదు. ఓ ఆదివారం పొద్దున్నే లిఫ్టు మార్చినచోట తీసేసిన ఉక్కు తాడు అడిగి తెచ్చుకుని, మెట్ల పక్క గోడకి కొక్కేలు బిగించి, పై నుంచి కింది దాకా లాగి కట్టారు. చేతికి గుచ్చుకోకుండా దాని చుట్టూ నేను మందపాటి కాన్వాసు గుడ్డ చుట్టి, కూర్చుని చేత్తో కుట్టాను. తొమ్మిది మెట్ల పొడవు, దగ్గర దగ్గర కుట్లు. కట్టాక ఆయన దాన్ని పట్టుకుని వేలాడి చూపించారు. "ఏనుగుని వేలాడదియ్యొచ్చు" అన్నారు. ఏనుగులు ఈ వాగు దగ్గరికి రావు గానీ, నాకు ఆ మాట చాలా నచ్చింది.

పెద్దమ్మ మూడు నెలల దాకా నాతో సరిగా మాట్లాడలేదు. నేను తెచ్చిన అన్నం తినేది, గిన్నె కడిగి తిరిగిచ్చేది, మధ్యలో మాట ఉండేది కాదు. కట్టు విప్పిన నాలుగో వారం, ఒక పొద్దున తొమ్మిదికి, మెట్ల మీద మళ్ళీ అడుగులు దిగాయి. నెమ్మదిగా, చేతికర్ర చప్పుడుతో. మా తలుపు ముందు ఆగాయి.

"అమ్మాయ్."

తలుపు తీశాను.

"ఏడో దానికే వెళ్తున్నాను. వద్దంటావా?"

నోటిదాకా వచ్చింది. మింగేశాను. "తాడు పట్టుకుని దిగండి," అన్నాను.

"పట్టుకుంటాను. ఫోను మాత్రం చెయ్యకు. నీకు నేను ఉన్నానో లేదో తెలియాలంటే, పుస్తకం అక్కడే ఉంటుంది. వచ్చి చూసుకో. చదవడం వచ్చు కదా?"

అప్పటి నుంచి అదే మా ఏర్పాటు. ఆవిడ పదిలోపు గుండ్రం గీస్తుంది. నేను పదిన్నరకి వెళ్ళి చూస్తాను. ఎదురుపడితే ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకుంటాం, అంతే. ఈ మధ్య నాకు నెలలు నిండాయి, పొట్టతో ఆ మెట్లు దిగలేను. బడికి సెలవులు కనక పాప దిగుతోంది, ఆరేళ్ళు వచ్చాయి దానికి. నేను పైన వంతెన మీద నిలబడి, నోరు గట్టిగా మూసుకుని చూస్తుంటాను. తాడు పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి, డబ్బా తెరిచి, పైకి గట్టిగా చదువుతుంది. "తొమ్మిదీ ముప్ఫయ్యయిదు! గుండ్రం కొంచెం వంకరగా ఉందమ్మా, కానీ ఉంది!"

వచ్చే సోమవారం నన్ను ఆస్పత్రిలో చేరమన్నారు. తర్వాత కొన్ని వారాలు నేను గుమ్మం దాటలేను. మా ఆయన ఆరింటికే పనిలో ఉంటారు, పాపకి బడి తెరుస్తారు. మాస్టారుని అడిగితే సమావేశంలో పెడతానన్నారు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మా వాగు పక్క దారికి వస్తే, పతకం కోసమే రండి, నాకేం అభ్యంతరం లేదు. ఏడో డబ్బా దగ్గర తాడు పట్టుకుని దిగి, పుస్తకం తెరిచి, ఆ రోజు తేదీతో గుండ్రం ఉందో లేదో చూడండి. ఉంటే మీ పేరు కింద రాసుకుని వెళ్ళండి. పదకొండు దాటినా లేకపోతే మాత్రం నూరు లెక్కపెట్టకండి. ముందు మెట్ల చుట్టూ చూడండి, తర్వాత పార్కు వెనక వీధిలో మిషను చప్పుడు వినబడని ఇంటి పై అంతస్తుకి వెళ్ళి తలుపు కొట్టండి. ఎవరు పంపారని అడుగుతుంది, నా పేరు చెబితే తిడుతుంది. ఆ తిట్లు విని, నాకు కబురు చెప్పండి.

వచ్చేటప్పుడు డబ్బా మాత్రం తీసినచోటే పెట్టండి.